నాలుగు గళ్ళ జాతకం

ఏ కంపెనీ మీటింగ్ గదిలోనైనా సరే, వైట్‌బోర్డు మీద ఒక నిలువు గీత, దాన్ని కోస్తూ ఒక అడ్డగీత పడ్డాయంటే చాలు, జనం సర్దుకుని కూర్చుంటారు. అప్పటిదాకా ఫోన్లలో తలదూర్చినవాళ్ళు తలెత్తుతారు. సమోసా తింటున్న పెద్దమనిషి కాగితంతో చేతులు తుడుచుకుంటాడు. గంటసేపటి నుంచీ కీచులాడుకుంటున్న సేల్స్‌వాళ్ళూ ఫ్యాక్టరీవాళ్ళూ కాసేపు సంధి చేసుకుంటారు. గీతలు గీసినాయన మార్కర్ మూత బిగించి, ‘‘బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. ఊఁ, చెప్పండి’’ అంటాడు. ఆ ఏడాది ఏ సరుకు తయారవుతుందో, ఏది అటకెక్కుతుందో తేల్చే క్రతువు మొదలైనట్టే.

ప్రొడక్ట్ ప్లానింగ్ అనే కొలువులో నా ఉద్యోగ జీవితం చాలావరకు ఈ గళ్ళు నింపటంలోనే గడిచింది. వాటిమీద నాకు కోపం లేదు, అలాగని భక్తీ లేదు. వాటి గుణమేమిటో, గుట్టేమిటో మాత్రం కొంత తెలిసింది.

ఇవి పుట్టిన ఊరు అమెరికా. 1957లో ఇగోర్ ఆన్సాఫ్ అనే ఆయన, వ్లాదివొస్తోక్‌లో పుట్టి అమెరికా చేరి గణితం చదువుకున్న మనిషి, హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. ఉన్న సరుకా, కొత్త సరుకా? ఉన్న మార్కెట్టా, కొత్త మార్కెట్టా? కంపెనీ పెరగాలంటే ఉన్న దారులివీ అన్నాడు. 1960లలో స్వాట్, అంటే మొదట్లో చెప్పిన బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పుల పటం వచ్చింది. దాని తండ్రి ఎవరన్న తగాదా ఇంకా తెగలేదు. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హంఫ్రీ అని కొందరూ, హార్వర్డ్ పంతుళ్ళని కొందరూ అంటారు. 1970లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ స్థాపకుడు బ్రూస్ హెండర్సన్ ఇంకో నాలుగు గళ్ళు గీసి, వాటికి నక్షత్రం, పాడి ఆవు, ప్రశ్నార్థకం, కుక్క అని పేర్లొచ్చేలా చేశాడు. 1979లో మైకేల్ పోర్టర్ గళ్ళు మానేసి ఐదు శక్తుల బొమ్మ వేశాడు: పోటీదారులు, కొత్తగా దిగేవాళ్ళు, బదులు సరుకులు, ముడిసరుకు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు.

వీటిలో చాలావాటి వెనుక ఒక అవసరం కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా కంపెనీలు విపరీతంగా బలిశాయి. బల్బుల నుంచి విమానం ఇంజన్ల దాకా ఒకే గొడుగు కింద చేస్తున్న రోజులు. హెడ్డాఫీసులో కూర్చున్న పెద్దాయన ప్రతి ఫ్యాక్టరీకీ వెళ్ళి చూడలేడు. ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ లాగేసుకోవాలో ఒక్క కాగితం మీద కనబడాలి. హెండర్సన్ గళ్ళు ముఖ్యంగా ఆయన కోసమే. అవి దూరం నుంచి చూడటానికి చేసిన సాధనాలు. ఇవాళ మాదాపూర్‌లో ముగ్గురు కుర్రాళ్ళు ఒక్క యాప్ పెట్టుకుని, అందులో నక్షత్రం ఏదో, కుక్క ఏదో తేల్చుకోవటానికి సాయంత్రమంతా కూర్చుంటారు. ఉన్నది ఒక్కటే ప్రాణి. అది ఆవో కుక్కో తెలుసుకోవటానికి గళ్ళెందుకు, దగ్గరికెళ్ళి చూస్తే సరిపోదూ?

మన జాతకచక్రం ఉంది చూశారూ, అదీ గళ్ళే. దక్షిణాది పద్ధతిలో నలుచదరంగా పన్నెండు ఇళ్ళు, నడుమ ఖాళీ. కలెక్టరుకైనా కండక్టరుకైనా అవే పన్నెండు. ఇళ్ళు తమంతట తాము ఎవరి గురించీ ఏమీ చెప్పవు. ఏ గ్రహం ఎక్కడ కూర్చుందో, దేన్ని చూస్తోందో, దేనికి బలం ఎక్కువో తేల్చాల్సింది చూసేవాడు. ఆ చూసేవాళ్ళలోనూ రెండు రకాలు. ఉన్నది ఉన్నట్టు చెప్పి సంభావన పోగొట్టుకునేవాడొకడు. పెళ్ళికొడుకు తండ్రి ఏం వినాలని వచ్చాడో గుమ్మంలోనే కనిపెట్టి, ఆ మాటే గళ్ళలోంచి తీసి చేతిలో పెట్టేవాడొకడు. కన్సల్టెంట్లలో ఏ రకం ఎక్కువో నేను చెప్పను గానీ, సంభావన పోగొట్టుకున్నవాళ్ళు నాకు బాగా తక్కువ తగిలారు. ఇంకో తేడా ఉంది. జాతకచక్రానికి నడుమ కాస్త ఖాళీ ఉంటుంది, ఎవరి జాతకమో అక్కడ రాసుకోవచ్చు. స్వాట్‌లో ఆ ఖాళీ కూడా లేదు. రెండు గీతలు కోసుకునే చోట ఒక చుక్క తప్ప ఏమీ మిగలదు. ఎవరు కొంటారని ఇదంతా చేస్తున్నామో ఆ మనిషికి నిలబడే జాగా లేదు.

ఇంతా చెప్పి గళ్ళే వద్దనను. గళ్ళు లేని ఆఫీసులూ చూశాను. అక్కడ ఎండీగారి బావమరిది సింగపూర్ వెళ్ళొస్తే చాలు, కొత్త ప్రొడక్టు పుట్టేది. పెద్దాయన ‘చేద్దామయ్యా’ అన్నాక మిగిలినవాళ్ళు చేయాల్సింది తలూపటమే. మన ఆఫీసుల్లో ‘సార్’ అనే మాటకు ఉన్న బరువు అంతా ఇంతా కాదు. సార్ ముచ్చటపడ్డ సరుకులో లోపముందని సార్ ఎదుట ఎవడంటాడు? అదే బోర్డు మీద ‘బలహీనతలు’ అని ఒక గడి ఉందనుకోండి, దాన్ని ఎవరో ఒకరు నింపక తప్పదు. లోపం చెప్పినవాడు సార్‌ని తప్పుబట్టినట్టు కాదు, గడి నింపినట్టు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా నోరు విప్పొచ్చు. గళ్ళు మనకు చేసిన పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ దీని గురించి చదివిన గుర్తు లేదు.

అయితే నోరు విప్పాక ఏమవుతుందో కూడా చెప్పాలి. ఒక కంపెనీలో పెసరట్టు మిక్స్ చేద్దామని కూర్చున్నాం. నీళ్ళు పోసి కలిపి పెనం మీద వేసుకోవటమే. బలాల గడి నిండి, పక్క గడిలోకి పొర్లింది. ఫ్యాక్టరీ మనదే, పంపిణీ మనదే, పెసల బేరం మనకు తెలుసు. ఆ మూల కూర్చున్న కొత్తమ్మాయి మెల్లిగా, ‘‘సార్, మా అమ్మయితే కొనదు. పెసలు నానేసుకోవటానికి కూడా బద్ధకమేంటే అని తిడుతుంది’’ అంది. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి, మార్కర్ తీసి బలహీనతల గడిలో రాశారు: ‘వినియోగదారుల్లో అవగాహన లోపం’. 

ఒక తల్లి తిట్టు కళ్ళముందే అలా ఎగిరిపోయింది. ఆ అమ్మాయి చెప్పింది పెసరట్టు గురించి కాదు. వంటింట్లో కష్టం ఎక్కడుందో, ఎక్కడ లేదో చెప్పింది. రాత్రి పెసలు నానెయ్యటం ఆ తల్లికి కష్టం కాదు, తెల్లారి రుబ్బటం కష్టం కావచ్చు, గ్రైండరు కడగటం అంతకన్నా కష్టం కావచ్చు. ఆ దారిలో ఇంకో నాలుగు ప్రశ్నలడిగితే వేరే సరుకే తయారయ్యేదేమో. కానీ బోర్డెక్కిన మాటకు వేరే మందు ఉంది. అవగాహన లోపానికి ప్రకటనలు. ప్రకటనలకు బడ్జెట్. బడ్జెట్‌కు ఇంకో మీటింగ్. పెసరట్టు మిక్స్ మార్కెట్లోకి వచ్చింది, కొన్నాళ్ళుండి వెళ్ళిపోయింది.

ఇందులో ఇంకో చిక్కు దాగుంది. నాలుగు గళ్ళూ ఒకే కొలత. ఎడమ పక్క తొమ్మిది బలాలు, కుడి పక్క రెండే బలహీనతలు కనిపిస్తే, తొమ్మిదిలోంచి రెండు పోతే ఏడు అని మనసు తనంతట తానే లెక్క వేసేస్తుంది. ఆ రెండింటిలో ఒక్కటి తొమ్మిదినీ మింగేసేది కావచ్చునని బోర్డు మీద కనపడదు. గళ్ళకు బరువు తెలియదు. ప్లానింగ్ అంటేనేమో బరువు తూచటమే.

టాటా నానో కథ తలుచుకోండి. ఒక్క స్కూటరు మీద నలుగురు, అందులో వానలో తడుస్తూ పోతున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు ఆ ఆలోచన వచ్చిందని అందరికీ తెలుసు. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఆ కారును చూపించారు. లక్ష రూపాయల ధర మాట నిలబెట్టుకోవటానికి ఇంజనీర్లు నిజంగా గొప్ప పని చేశారు. అవకాశాల గడిలో రాసిందేదీ అబద్ధం కాదు. దేశంలో టూవీలర్లు కోట్లకొద్దీ ఉన్నాయి, వాటిమీద కుటుంబాలు ఉన్నాయి, వానా ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూముల గొడవలతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సనంద్‌కు మారింది. అక్కడ ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేయగలిగేలా కట్టారు. అమ్మకాలు ఏ ఏడాదీ లక్షకు చేరలేదు. 2018 నాటికి తయారీ దాదాపు ఆగిపోయింది.

కారణాలు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీ ఆలస్యం, కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తలు, సెకండ్‌హ్యాండ్‌లో దొరికే పెద్ద కార్లు. వీటన్నిటితో పాటు ఇంకోటుంది. అందరికంటే చవకైన కారు అని పేరు పడటమే దెబ్బతీసిందని తర్వాత రతన్ టాటాయే ఒప్పుకున్నారు. మన ఊళ్ళల్లో కారు కొనటమంటే వానలో తడవకుండా ఇంటికి చేరటం ఒక్కటే కాదు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, బంధువుల ఇళ్ళముందు ఆపి దిగటం. ‘ఏం కారు కొన్నావురా?’ అంటే తలెత్తి చెప్పగలగటం. ‘అన్నిట్లోకీ చవకది’ అని చెప్పటానికి అప్పు చేసి కారు ఎవరు కొంటారు? పరువు అనే ఒక్క మాట బలహీనతల గడిలో చివరి వరసలో ఉన్నా సరే, మిగిలిన మూడు గళ్ళ బరువూ దానిదే.

ఇంకో తమాషా ఏమిటంటే, గళ్ళలో రాసిన మాటలు రాసినచోటే కుదురుగా ఉండవు. హెచ్‌ఎంటీ వాచీ గురించి మన పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. పెళ్ళికొడుక్కి మామగారు పెట్టే వాచీ అదే. పదో తరగతి పాసైతే నాన్న కొనిపెట్టే వాచీ అదే. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగళూరులో మొదలుపెట్టి, దేశానికి టైము చెప్పింది. దాని బలాలు రాయమంటే ఎవరైనా ఏం రాసేవారు? పెద్ద ఫ్యాక్టరీలు, కీ ఇచ్చే గడియారాలు చేయటంలో చేయి తిరిగిన పనివాళ్ళు, సర్కారు అండ. అన్నీ నిజమే. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక అవే కాళ్ళకు అడ్డం పడ్డాయి. క్వార్ట్జ్ సంగతి హెచ్‌ఎంటీకి తెలియక కాదు. అంత పెద్ద కొలిమిని, అంతమంది చేతి నేర్పును పక్కనపెట్టి కొత్త దారి పట్టటం ఎవరికైనా కష్టమే.

1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి హోసూరు దగ్గర టైటాన్ పెట్టారు. జెర్క్సెస్ దేశాయ్ దాన్ని నడిపించారు. వాళ్ళకు కాపాడుకోవాల్సిన పాత వాచీ ఫ్యాక్టరీ లేదు, నొప్పించకూడని పాత పనితనం లేదు. ఏమీ లేకపోవటమే కలిసొచ్చింది. టైము చూసుకోవటానికి కాకుండా, ముంజేతికి నగలాగా పెట్టుకోవటానికి వాచీ అమ్మారు. 2016లో హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసెయ్యాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కాబట్టి బలాల గడిలో ఏదైనా రాసినప్పుడల్లా నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను: ఇది ఏ రోజు మన మెడకు గుదిబండ అవుతుంది? దానికి జవాబు లేకపోతే అది బలమో, అలవాటో ఇంకా తేలనట్టే.

పోర్టర్‌గారి ఐదు శక్తుల దగ్గరికొస్తే మెలిక ఇంకోచోట ఉంది. శక్తులు లెక్కపెట్టే ముందు, మన వ్యాపారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గిరి గీసుకోవాలి. ఆ గిరి ఎవరు గీస్తారు? రైలు కంపెనీలు తమది రైళ్ళ వ్యాపారం అనుకున్నాయి గానీ జనాన్ని చేరవేసే వ్యాపారం అనుకోలేదని థియొడోర్ లెవిట్ 1960లోనే హెచ్చరించాడు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ దినపత్రిక మొదలైంది. అప్పటికి తెలుగు పత్రికలకు రాజధాని లాంటిది విజయవాడ. అక్కడ అచ్చయిన కాగితం విశాఖ చేరేసరికి పొద్దెక్కిపోయేది. అప్పటికే పేరున్న పత్రికల బలాబలాలు బేరీజు వేస్తే, కొత్తవాడు అడుగుపెట్టే పరిస్థితే కనపడదు. సంపాదకుల పేరు, చందాదారుల నమ్మకం, ఏజెంట్ల బలగం అన్నీ వాళ్ళవే. ‘ఈనాడు’ స్థాపకుడు రామోజీరావు ఆ పోటీని వార్తల్లో వెతకలేదు, గడియారంలో వెతికారు. తెల్లారేసరికి గుమ్మంలో పడే పత్రికకూ మధ్యాహ్నం వచ్చే పత్రికకూ మధ్య ఉన్న కొన్ని గంటల ఖాళీలో తన సరుకు పెట్టారు. అంతవరకూ విశాఖలో పొద్దున్నే చేతికందే తెలుగు పత్రిక కోసం పోటీయే లేదు. 1989లో జిల్లా పేజీలను విడిగా చిన్న సైజులో ఇవ్వటం మొదలుపెట్టినప్పుడూ అంతే. మా మండలం రోడ్డు గుంతలు, మా ఊరి జాతర ఢిల్లీ వార్తకు తీసిపోని వార్తలని అంచనా కట్టారు. పోర్టర్ ఐదు శక్తులు 1974కి ఇంకా అచ్చులోకే రాలేదు. వచ్చినా గిరి పత్రికల చుట్టూ గీసుకుంటే ఈ ఖాళీ కనిపించేది కాదు, పాఠకుడి పొద్దుటి చుట్టూ గీసుకుంటేనే కనిపిస్తుంది.

ఇక హెండర్సన్ ఆవు, కుక్కల గళ్ళు. వీటికి రెండే కొలతలు: మార్కెట్ ఎంత వేగంగా పెరుగుతోంది, అందులో మన వాటా ఎంత. పెట్టుబడి పంచుకోవటానికి మంచివే. కానీ అంకెల్లో ఇమడని మమకారం ముందు బొక్కబోర్లా పడతాయి. థమ్సప్ సంగతి చూడండి. 1977లో కోకాకోలా మన దేశం నుంచి వెళ్ళిపోయాక పార్లేవాళ్ళు తెచ్చిన పానీయం. 1993లో కోక్ తిరిగొచ్చి పార్లే యజమాని రమేశ్ చౌహాన్ దగ్గర థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, మాజాలను కొనేసింది. కాగితం మీద చూస్తే ఒకే ఇంట్లో రెండు కోలాలు దండగ. ప్రపంచమంతా ఎరిగిన బ్రాండ్ పక్కన ఈ దేశవాళీ సరుకెందుకు? థమ్సప్ ప్రకటనలు తగ్గించేశారు. తాగేవాళ్ళు మాత్రం బుద్ధిగా కోక్‌కు మారిపోలేదు. థమ్సప్ దొరక్కపోతే పెప్సీ అన్నవాళ్ళూ ఉన్నారు. కొన్నేళ్ళకు కంపెనీయే దాన్ని మళ్ళీ నెత్తిన పెట్టుకోవాల్సి వచ్చింది. 2021లో అది వంద కోట్ల డాలర్ల బ్రాండ్ అయింది.

మన రెండు రాష్ట్రాల్లో ఇదేమీ వింత కాదు. బిర్యానీ ఆర్డరిచ్చి ‘కూల్‌డ్రింక్ ఏదోటి’ అన్నా చాలాచోట్ల థమ్సప్పే వస్తుంది. చిరంజీవి, మహేశ్‌బాబు ప్రకటనల్లో తాగి చూపించారు, అది వేరే సంగతి. ఆ ఘాటుకు అలవాటుపడ్డ నాలుకకు మార్కెట్ వాటా లెక్కలతో పనిలేదు. ఏ సరుకును చంపాలో నిర్ణయించే ముందు, అది పోతే ఎవరు ఏడుస్తారో, ఏడ్చి ఎవరి దగ్గరికి పోతారో అడిగే గడి హెండర్సన్ పటంలో లేదు. మనమే కలుపుకోవాలి.

ఇన్నేళ్ళలో నేను పట్టుకున్న కిటుకులు పెద్దవేం కాదు. గళ్ళు బోర్డు మీద నింపకముందే ఎవరికివారు విడిగా కాగితం మీద నింపి తేవాలి. అందరూ రాసింది ఒకేలా ఉన్న చోట మాట్లాడేదేమీ లేదు. ఇద్దరి కాగితాలు ఎదురెదురైన చోటే అసలు ప్లానింగ్ ఉంది. ఒకరు బలమన్నదే ఇంకొకరు ముప్పన్నారంటే ఆ పూట మీటింగ్‌కు విలువ వచ్చినట్టు. రెండోది, విన్న మాటను విన్నట్టే రాయాలి. ‘మా అమ్మ కొనదు’ అంటే ‘మా అమ్మ కొనదు’ అనే రాయాలి. గ్రాంథికంలోకి మారిస్తే ప్రాణం పోతుంది. మూడోది, ప్రతి పంక్తి పక్కనా ‘అయితే ఏంటి?’ అని రాసుకోవాలి. దానివల్ల మనం చేసే పనేదీ మారకపోతే ఆ పంక్తి కొట్టెయ్యాలి. నిండుగా ఉన్న బోర్డు ఈ దెబ్బకు మూడు నాలుగు మాటలకు దిగుతుంది. నాలుగోది, తేదీ వేసి దాచాలి. ఏడాది పోయాక తీసి చూస్తే, తప్పు రాసినవాటికన్నా అసలు రాయనివే ఎక్కువ నేర్పుతాయి. చాలా కంపెనీల్లో స్వాట్ కాగితాలను ఎవరూ మళ్ళీ విప్పరు. ప్రతి ఏడాదీ కొత్తవి గీస్తారు, పాతవాటిలోని మాటలే మళ్ళీ వచ్చి కూర్చుంటాయి.

ఇవన్నీ చేశాక కూడా గళ్ళు చేయలేని పని ఒకటి మిగులుతుంది. 1996లో అదే పోర్టర్ ఇంకో వ్యాసంలో వ్యూహానికి కీలకం ఏది చేయకూడదో ఎంచుకోవటంలో ఉందన్నాడు. ఐదు శక్తులు లెక్కపెట్టిన మనిషే అన్నాడు కాబట్టి నాకు ఆ మాట మీద గురి. గళ్ళలో ఎన్నయినా పడతాయి. వచ్చే ఏడాది ఫ్యాక్టరీలో ఉన్న యంత్రాలు, మనుషులు, డబ్బు మాత్రం అన్ని అవకాశాలకూ సరిపోవు. పెసరట్టు మిక్స్ చేస్తే దోశ పిండి ఆగాలి. ఏది ఆగాలో గడి చెప్పదు. ఎవరో ఒకరు నోటితో చెప్పి, కిందన సంతకం పెట్టాలి. తప్పయితే తిట్లు తినాలి.

అందుకే అందరూ సంతోషంగా బయటికొచ్చిన ప్లానింగ్ మీటింగ్‌ను నేను నమ్మను. ఎవరో ఒకరి ముద్దుల సరుకు ఆ ఏటికి ఆగి ఉండాలి, ఎవరి బడ్జెట్టో కోతపడి ఉండాలి, ఎవరో కాస్త మొహం మాడ్చుకుని క్యాంటీన్‌ వైపు పోయి ఉండాలి. ఏ మొహమూ చిన్నబోలేదంటే గళ్ళు నిండాయే తప్ప, ఎంచుకోవటం ఇంకా మొదలే కాలేదు.